బోర్లా బాబాయి రెండోసారి వస్తే

మా బోర్లా బాబాయికి ఏ ఇంట్లోనైనా సరే, వస్తువులు తిన్నగా నిలబడి ఉంటే చూడబుద్ధి కాదు. వాటిని తలకిందులు చేసి అడుగు చూస్తేగాని ఆయన మనసు కుదుటపడదు. టోస్టరు, ఇస్త్రీపెట్టె, బల్లమీది ఫ్యాను, పిల్లల మూడుచక్రాల బండి, ఏదైనా ఒకటే. ఎత్తగలిగినదాన్ని ఎత్తి బోర్లిస్తాడు. ఎత్తలేనిదాని కిందికి తానే దూరతాడు. "కూర్చోండి బాబాయిగారూ" అంటే, "ఆఁ, కూర్చుంటానమ్మా" అని ముందు కుర్చీని తిరగేసి చూసి, ఆ తర్వాత కూర్చుంటాడు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం వచ్చే రోజున తప్ప అది ఎవరికీ గుర్తొచ్చేది కాదు. నాకంటే కొంచెం పెద్దవాడు కాబట్టి ఎదురుగా నేను "అన్నయ్యగారూ" అనేదాన్ని. వెనకాల మాత్రం నేనూ బోర్లా బాబాయనే అన్నాను, అబద్ధమెందుకు?

మేమిద్దరం పనిచేసిన ఆఫీసు గురించి చెప్పాలి. ఇంటి వస్తువుల వల్ల జరిగే ప్రమాదాలన్నీ నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం అది. ఎవరి హీటరు అంటుకున్నా, ఏ పాప చెయ్యి మడత కుర్చీలో నలిగినా, ఆసుపత్రుల నుంచీ ఇళ్ళ నుంచీ ఫిర్యాదులు మాకే వచ్చేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళం. ఎక్కించాక ఏం చేస్తారని అడక్కండి. ఏమీ చెయ్యరు. "విచారణ పూర్తయ్యేదాకా రహస్యం" అని రూలు. విచారణ ఎప్పుడు పూర్తవుతుందని కూడా అడక్కండి. బయట ఎక్కడా నోరు విప్పబోమని ఉద్యోగంలో చేరిన రోజే అందరిచేతా సంతకం పెట్టించుకున్నారు. మాలో మాకు కూడా ఎవరి పని వాళ్ళదే. నాకు బొమ్మలూ, ఉయ్యాలలూ. హీటర్లూ, కుక్కర్లూ ఇంకొకరికి. అందరి పనినీ కలిపి, తప్పులు దిద్ది, ఒక్క పెద్ద పట్టికగా చేసేది మాత్రం బాబాయి.

ఆ పట్టిక మీద ఆయనకున్న ప్రేమ ఇంతా అంతా కాదు. ఒకే మోడల్ నంబరును ఒకరు గీతతో, ఇంకొకరు చుక్కతో, మరొకరు మధ్యలో ఖాళీతో కొడితే, కంప్యూటరు వాటిని మూడు వేరే వస్తువులనుకుంటుందిట. మధ్యాహ్నం అన్నం డబ్బా ఎదురుగా పెట్టుకుని, తినడం మరిచిపోయి, ఆ గీతల్నీ చుక్కల్నీ ఏరుతూ కూర్చునేవాడు.

"అన్నయ్యగారూ, ఎవరూ చూడని పట్టికకి ఇంత ముస్తాబెందుకండీ?"

"ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు కదమ్మా. అప్పుడు వెతికితే దొరకాలి."

పెళ్ళి ఎందుకు చేసుకోలేదో కూడా ఆయనే చెప్పాడు ఓసారి. కుర్రతనంలో ఒకమ్మాయి వాళ్ళింటికి టీకి పిలిచారుట. అమ్మాయి తల్లి టీ కలుపుకొచ్చేసరికి పెళ్ళికొడుకు గదిలో లేడు. బల్ల కింద వెల్లకిలా పడుకుని, బల్ల అంచుకు బిగించిన దీపం అడుగు చూస్తున్నాడు. అమ్మాయి వంగి, "ఏదైనా పడిపోయిందా అండీ?" అంది. "లేదండీ, నంబరు చూస్తున్నాను" అన్నాడు ఈయన. టీ తాగించి పంపించేశారు.

"పోనీ, ఆ తర్వాత ఏం జరిగింది?" అన్నాను.

"మళ్ళీ ఇంకోసారి వెళ్ళానమ్మా వాళ్ళింటికి. ఆ దీపం పగిలిపోయింది నా చేతిలో. ఆ తర్వాత పిలవలేదు."

అదీ సంగతి. ఊరికే బోర్లించి వెళ్ళిపోతే ఆయన్ని అందరం భరించేవాళ్ళమే. అసలు గొడవ రెండోసారి వచ్చినప్పుడు. మొదటిసారి వచ్చి, వస్తువుల అడుగులు చూసి, టీ తాగి మర్యాదగా వెళ్ళిపోయేవాడు. కొన్ని ఇళ్ళవైపు ఆ తర్వాత తొంగిచూసేవాడు కాదు. కొన్ని ఇళ్ళకు మాత్రం వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేవాడు. వచ్చి, ఎంత జాగ్రత్తగా పెట్టుకున్న వస్తువునైనా సరే ఎత్తేవాడు, చేయి జారేది, అది ఠప్పున నేలమీద పడేది. "అయ్యయ్యో, ఎంత పని జరిగింది! క్షమించాలి!" అని లబలబలాడేవాడు. ముక్కలన్నీ తనే ఏరి సంచిలో వేసుకునేవాడు. మర్నాడు కొత్త వస్తువు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. జీతమంతా ఇలా తగలేస్తే మనిషి చొక్కా కాలరు చిరగక ఏమవుతుంది?

ఫైళ్ళగది గుమాస్తా ఇంట్లో ఎలక్ట్రిక్ కెటిల్ పోయింది. ఆయన ఆఫీసంతా తిరిగి చాటింపు వేశాడు.

"బాబాయి మొదటిసారి వస్తే టీ ఇవ్వండి. రెండోసారి వస్తే వస్తువులన్నీ మంచం కిందకి తోసెయ్యండి."

"మంచం కిందకి ఆయన దూరడా?" అన్నాను నేను.

"అవును సుమండీ! అయితే తలుపే తియ్యకండి."

నా ఇంట్లో పోయింది మామూలు వస్తువు కాదు. మా ఆయన పోవడానికి ముందు చలికాలంలో కొన్న రూమ్ హీటరు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక నాకు తోడుగా ఉండేవి రెండే: మోగుతూ ఉండే టీవీ, ఎర్రగా వెలిగే ఆ హీటరు. పగలు వంద మంది గాయాలు టైపు చేసి, రాత్రి ఒక్కదాన్నే ఆ వెలుగులో కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. నా తలుపు తట్టే మనిషంటూ ఉంటే ఎప్పుడైనా బాబాయే. ఆయన రెండోసారి వచ్చాడు. హీటరు ఎత్తాడు. నేను "వద్దండీ!" అంటూనే ఉన్నాను. జారింది. జారడం కూడా ఎలా జారింది? ఆయన భుజం ఎత్తు నుంచి జారింది.

మర్నాడు కొత్త హీటరు తెచ్చాడు. తీసుకున్నాను గాని, ఆ చలికాలమంతా ఆయనతో మాట్లాడలేదు. ఎదురెదురు బల్లలు మావి. అయినా సరే, ఏదైనా కావాలంటే గుమాస్తాతో చెప్పించేదాన్ని. బాబాయి మాత్రం రోజూ ఉదయం "బావున్నారామ్మా?" అని నా బల్లవైపు చూసి అనేవాడు. జవాబు రాకపోతే రాకపోయిందని కంప్యూటరు వైపు తిరిగేవాడు.

ఇలాగే ఒక్కొక్కరూ ఆయన్ని పిలవడం మానేశారు. ఎవరింట్లో ఏం కొన్నా ఆఫీసులో చెప్పేవారు కాదు. సోమవారం రాగానే ఆయన ఆశగా అడిగేవాడు.

"ఏమండీ, ఈమధ్య కొత్తవేమైనా కొన్నారా?"

"ఏమీ కొనలేదు బాబాయిగారూ."

"పాతవైనా ఫరవాలేదు. ఓసారి వచ్చి చూసి వెళ్తాను."

"ఇంట్లో ఎవరూ ఉండటం లేదండీ."

"ఓహో, అలాగా!" అనేవాడు. ఆదివారాలు ఆయన ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. ఎవరం అడగలేదు కూడా.

ఇంతలో ఆయన రిటైరయ్యే వేసవి రానే వచ్చింది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఓ ఉత్తర్వు ఊడిపడింది: ప్రభుత్వం దగ్గరున్న భద్రతా సమాచారమంతా ప్రజలకు తెరిచి పెట్టాలి, ఫిర్యాదుదారుల పేర్లు తీసేసి అందరికీ అందేలా చెయ్యాలి. బాబాయి ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. పట్టిక సిద్ధంగానే ఉంది. ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా తెరుచుకునే ఓపెన్ ఫార్మాట్‌లో చేసి పెట్టాడు. నంబరు కొడితే ఆ వస్తువు వల్ల ఎక్కడెక్కడ ఏం జరిగిందో చూపిస్తుంది. ఆ ఒక్క పనీ అయిపోతే చాలు, నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతానన్నాడు.

కాని మా పెద్దసారున్నాడే, ఆయనకు సంతకమూ ముద్రా లేని కాగితం కాగితమే కాదు. ఆయన పద్ధతి ఆయనది. కంప్యూటర్లో ఉన్న పట్టికనంతా ముందు కాగితాల మీద అచ్చు తీయించాడు. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి గుండ్రటి ముద్ర గుద్దాడు. ఆ పేజీలన్నిటినీ మళ్ళీ ఫొటోలు తీయించి కంప్యూటర్లోకి ఎక్కించాడు. సగం ఫొటోలు అడ్డంగా వచ్చాయి, కొన్ని తలకిందులుగా వచ్చాయి. వాటికి ఓ పాస్‌వర్డు పెట్టాడు. అది కావలసినవాళ్ళు ఆఫీసుకు వచ్చి దరఖాస్తు ఇచ్చుకోవాలి.

"తెరిచి పెట్టేశాం!" అన్నాడు పెద్దసారు, మా గదిలోకి వచ్చి చేతులు దులుపుకుంటూ.

బాబాయి లేచి నిలబడ్డాడు. ఆయన పెద్దసారుకు ఎదురుచెప్పడం నేను అంతకుముందు చూడలేదు.

"సార్, ఇందులో ఎవరూ ఏమీ వెతుక్కోలేరు."

"వెతకమని ఎవరన్నారయ్యా? పెట్టమన్నారు. పెట్టాం."

"నేను వెళ్ళిపోయాక ఇక ఎవరూ దీన్ని బాగుచెయ్యరు సార్. ఇలాగే ఉండిపోతుంది. ఒక్కసారి మీరే వెతికి చూడండి. మీ గీజరు."

"నా గీజరుకేమైంది?"

"ఏమైందని నేననలేదు సార్."

"అసలు దాని నంబరు నాకేం తెలుసు?"

బాబాయి గడగడా చెప్పేశాడు. పెద్దసారు కొత్త ఇల్లు కట్టుకుని అందర్నీ పిలిచినప్పుడు, ఈయన స్నానాలగదిలో బకెట్టు బోర్లించి దానిమీదికెక్కి, అతిథులంతా బయట తలుపు కొడుతున్నా దిగలేదు. ఆ నంబరు అప్పటిది.

పెద్దసారు నవ్వుతూ నా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఓ పేజీ తెరిచాడు, అడ్డంగా ఉంది. మెడ వంచాడు. ఇంకో పేజీ తెరిచాడు, తలకిందులుగా ఉంది. మనిషి మెడ అంతదూరం వంగదు కదా. నవ్వు కాస్త తగ్గింది. ఇంకొన్ని పేజీలు తిప్పాడు.

"ఇదిగో, గీజర్లు! ఇక్కడ నంబరు కనిపించడం లేదేమిటి? ఏదో నల్లగా అడ్డొచ్చింది."

"మీ ముద్రే సార్."

గదిలో అందరం పని మానేసి చూస్తున్నాం. ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. చివరికి కుర్చీ వెనక్కి నెట్టాడు.

"ఏమయ్యా, నా మనవడు రోజూ ఆ నీళ్ళే పోసుకుంటాడు. ఉందా లేదా, చెప్పి చావు!"

"చెప్పకూడదు సార్. సంతకం పెట్టాను."

"సంతకం పెట్టించింది నేనేగా! చెప్పు!"

బాబాయి ఆయన ముఖంలోకి చూశాడు. ఇంకాసేపు బిగబట్టి ఉంటే ఏ కాగితం మీదైనా సంతకం చేయించుకోగలిగేవాడు. ఆ తెలివి ఆయనకు లేదు. జాలిపడిపోయాడు.

"భయపడకండి సార్. మీ గీజరు మంచిదే. మంచిది కాకపోయుంటే... నా చేయి అప్పుడే జారి ఉండేది."

"మా కెటిల్!" అన్నాడు ఫైళ్ళగది గుమాస్తా. ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళూ ఇంట్లో పగిలిన వస్తువును తలుచుకుంటున్నారని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ఏ వస్తువూ పగలనివాళ్ళు కూడా ఏదో లెక్క వేసుకుంటున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, మా హీటరు కూడానా?"

"నేనేమీ చెప్పకూడదమ్మా" అన్నాడు నేలచూపులు చూస్తూ. "కాని పడితే మళ్ళీ పనిచెయ్యకూడదని కాస్త ఎత్తునుంచే వదిలాను."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదండీ! చలికాలమంతా నాచేత మౌనవ్రతం చేయించారే!"

"చెప్పకూడదు కదమ్మా. చేయి జారకూడదని మాత్రం రూల్లో ఎక్కడా లేదు."

నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, మా ఆయన గుర్తొచ్చాడు. అన్నీ ఒక్కసారే వస్తే మనిషి ఏం చెయ్యాలి? ముక్కు చీదుకుని కూర్చున్నాను.

పెద్దసారు మాత్రం "హమ్మయ్య" అని ముఖం తుడుచుకుని లేచాడు. గీజరు గండం గడిచింది కాబట్టి ఇక ఫొటోలే ఖాయమనుకున్నాం. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"మా అమ్మాయి వేరే ఊళ్ళో ఉంటుంది. వాళ్ళింటికి నువ్వెప్పుడూ వెళ్ళలేదు కదూ?"

"లేదు సార్."

"మా తమ్ముడింటికి?"

"పిలవలేదు సార్."

"మరెలాగయ్యా?"

"అదే సార్ నేననేది. నేను మాత్రం ఎన్ని ఇళ్ళకని వెళ్ళగలను? పైగా పిలిచేవాళ్ళు కూడా తగ్గిపోయారు."

ఎవరమూ నవ్వలేదు. పెద్దసారు గుమ్మం నుంచి వెనక్కి వచ్చి, "ఏదీ, నీ పట్టిక చూపించు" అన్నాడు. చూశాడు. "ఇందులో ముద్ర ఎక్కడ వెయ్యాలి?" అన్నాడు. "వెయ్యడానికి చోటు లేదు సార్" అన్నాడు బాబాయి. పెద్దసారు ఆ పూటంతా దిగాలుగా ఉన్నాడు గాని, సాయంత్రం లోపల ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఫొటోలు పోయాయి, పాస్‌వర్డు పోయింది, పట్టిక వచ్చింది.

తెరిచిన రోజున మొట్టమొదట వెతికింది పెద్దసారే. నమ్మకం లేక గీజరు నంబరు ఇంకోసారి కొట్టుకుని, లేదని చూసుకున్నాడు. తర్వాత కూతురికి ఫోను చేసి ఇంట్లో వస్తువుల నంబర్లన్నీ ఒక్కొక్కటే చదివించుకున్నాడు. పాపాయి గదిలో పెట్టుకున్న ఆవిరి యంత్రం దగ్గరకు వచ్చేసరికి దాని నంబరు పట్టికలో కనిపించింది. "ముందు దాని ప్లగ్గు పీకు తల్లీ. తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

ఆ తర్వాత పట్టిక మా చేతుల్లో లేదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి దాన్ని తీసుకుని, ఫోను చూపిస్తే నంబరు చదివి చెప్పే ఏర్పాటు చేశాడు. ఇంకెవరో చదువురానివాళ్ళ కోసం దాన్ని వినిపించే మాటల్లోకి మార్చారు. కంపెనీలు ముందు నొచ్చుకున్నాయి. తర్వాత సరుకు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాయి. దుకాణాల్లో జనం వస్తువుల్ని బోర్లించి చూస్తుంటే నాకు ప్రతి ఒక్కరూ బాబాయిలాగే కనిపించారు.

రిటైరయ్యే రోజున పెద్దసారు పొగిడాడు, టీ తాగాం, చప్పట్లు కొట్టాం. బాబాయి తన బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటూ నాతో అన్నాడు.

"ఇక నాకు ఎవరింటికీ వెళ్ళే పని లేదమ్మా. అందరూ వాళ్ళే చూసుకుంటారు. ప్రాణానికి హాయిగా ఉంది."

హాయిగా ఉన్న మనిషి ముఖం అలా ఉండదు. ఒంటిగా ఉండేదాన్ని, నాకు తెలియదా? ఇన్నాళ్ళూ ఆయన జనాన్ని కాపాడటానికే ఇల్లిల్లూ తిరిగాడు, నిజమే. కాని ఆ వంకన దొరికే కప్పు టీ, "కూర్చోండి" అనే ఒక్క మాట, అవి కూడా ఆయనకు అవసరమే. ఈ పట్టిక తెరవడంతో అవి కూడా పోయాయి. పోతాయని తెలిసే తెరిచాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, "ఆదివారం అందరం బాబాయి ఇంటికి వెళ్తున్నాం" అన్నాను. అడగలేదు, చెప్పాను. తీరా చూస్తే ఆయన ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. మా ఇళ్ళ గీజర్లూ ఫ్యాన్లూ నంబర్లతో సహా ఆయనకు తెలుసు. ఆయన వీధి పేరు మాలో ఒక్కరికీ తెలియదు. జీతాల విభాగంలో అడిగి కనుక్కున్నాం.

ఇరుకు మెట్లు, మూడో అంతస్తు. తలుపు తట్టాం. తీసి మమ్మల్నందర్నీ చూసి హడలిపోయాడు.

"ఏమైంది? ఎక్కడైనా అంటుకుందా?"

"ఏమీ అంటుకోలేదండీ. ఊరికే వచ్చాం" అన్నాను.

"ఊరికేనా?"

"ఊరికేనయ్యా! ఓ మనిషింటికి ఊరికే రాకూడదా?" అని పెద్దసారు ఆయన్ని పక్కకు జరిపి లోపలికి నడిచాడు.

గది శుభ్రంగా ఉంది. ఒక్క మంచం, ఒక్క పళ్ళెం, ఒక్క గ్లాసు, కిటికీ దగ్గర ఒక్క కుర్చీ. రెండో మనిషి వస్తాడని ఆ ఇంట్లో ఏ వస్తువూ అనుకోలేదు. ఆ కుర్చీలో పెద్దసారు కూర్చున్నాడు. గుమాస్తా గోడకి ఆనుకున్నాడు. మిగిలినవాళ్ళం ఎక్కడ నిలబడాలో తెలియక ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకున్నాం. బాబాయి చేతులు నలుపుకుంటూ గదిలో నాలుగు వైపులా తిరిగాడు. మనుషులు వస్తే ఏం చెయ్యాలో ఆయనకు నిజంగానే తెలియదు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ ఎదురింటికి పరిగెత్తి తలుపు తట్టాడు. ఆ ఇంటావిడ బయటికొచ్చింది.

"మావాళ్ళొచ్చారమ్మా. కుర్చీలు కావాలి."

"మీవాళ్ళా?" ఆవిడ ఆయన భుజం మీదుగా మావైపు చూసింది. "మీకెవరూ లేరనుకుంటున్నానే ఇన్నాళ్ళూ! ఎన్ని కావాలండీ?"

బాబాయి వెనక్కి తిరిగి మమ్మల్ని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నా దగ్గరకు వచ్చేసరికి తప్పాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు, మళ్ళీ తప్పాడు. అంత పెద్ద పట్టికలో ఒక్క చుక్క తేడా రానివ్వని మనిషి, చెయ్యి దించేసి ఆవిడవైపు తిరిగాడు.

"ఎన్నుంటే అన్నీ ఇచ్చెయ్యమ్మా" అన్నాడు.